డాక్టరమ్మ ముందు గుమ్మం, పైడమ్మ పెరటి గుమ్మం

నేను ఒక స్టెతస్కోపును. రబ్బరు గొట్టాలు ఎండి చీలిపోయాయి గాని, విన్నదేదీ మరచిపోలేదు.

ఇంగ్లండు సీమలో పుట్టి, ఓడెక్కి మదరాసు వచ్చాను. అక్కడ డాక్టరీ చదువుతున్న చంద్రమతి నన్ను కొనుక్కుంది. ఆడది డాక్టరా అని జనం ముక్కున వేలేసుకునే రోజులవి. ఆమె తండ్రి గడ్డాలు గీస్తూ, ఊరివాళ్ళ కురుపులు కోసి కట్లు కట్టేవాడు. తల్లి పైడమ్మ మంత్రసాని. సెలవుల్లో ఇంటికెళితే పైడమ్మ నన్ను చెవులకు తగిలించుకుని, కూతురి గుండె విని, పకపకా నవ్వింది.

ఎనిమిదో ఏట మిషను బడికి వెళ్ళిన పిల్ల, పదహారేళ్ళ తరవాత తాలూకా ఆసుపత్రికి డాక్టరై వచ్చింది. ఏ ఇంటి పిల్లవని ఒక్కరూ అడగలేదు. మెడలో నేనున్నానుగా, చాలనుకున్నారు. మనుషుల తెలివి అంతే మరి!

ఒక మధ్యాహ్నం పొరుగూరి కరణంగారి కోడలికి కాన్పు కష్టమైందని బండి పంపారు. ముందు గుమ్మంలోంచి సగౌరవంగా వెళ్ళాం. పెరటి గుమ్మంలోంచి పిలిపించిన మంత్రసాని అప్పటికే గదిలో ఉంది. చూద్దును కదా, పైడమ్మ!

చంద్రమతి కాళ్ళు గడపలోనే ఆగిపోయాయి. పైడమ్మ తలైనా ఎత్తలేదు.

"బిడ్డ అడ్డం తిరిగిందండి, డాక్టరమ్మగోరూ!"

గోరూ! కన్నకూతుర్ని! నేను కొయ్యబారిపోయాను.

చంద్రమతి నన్ను ఆ కడుపుమీద ఆనించింది. లోపల చిన్న గుండె నీరసంగా కొట్టుకుంటోంది. "ఉంది, తిప్పు" అంటే పైడమ్మ అరచేతులతో నొక్కి తిప్పింది. "ఆగు" అంటే ఆగింది. గంట గడిచాక మగబిడ్డ కెవ్వుమన్నాడు. తల్లీ దక్కింది.

అత్తగారు డాక్టరమ్మకు పీట వేసి, పట్టుచీర పెట్టింది. పైడమ్మ ఎదుట చేటెడు బియ్యం నేలమీద పెట్టి, "దేన్నీ తాకకుండా పెరట్లోంచి పో" అంది.

చంద్రమతి పీటమీంచి చివాలున లేచింది. "ఆవిడ మా..."

పైడమ్మ గొంతు పెంచింది. "అమ్మగోరూ, డాక్టరమ్మగోరికి పొద్దుపోతందండి. ఇంకో కాన్పుందంట. బండి కట్టించండి!"

ఏ కాన్పూ లేదు. పచ్చి అబద్ధం! ఆ మాట బయటపడితే కూతుర్ని ఇక ఏ గడపా తొక్కనివ్వరని పైడమ్మ భయం. చంద్రమతి చీర పట్టుకుని, ముందు గుమ్మం దిగింది. ఛీ, ఒక్క మాట అనలేకపోయిందే అని నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మా అమ్మ అని ఆ తరవాతా ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. మొన్న నా కింద చీటీ అంటించారు. ఒక పంతులమ్మ పిల్లలకు చదివి వినిపించింది:

"ఈ ప్రాంతపు తొలి వైద్యురాలు డాక్టర్ చంద్రమతి వాడినది. తల్లిదండ్రుల వివరాలు తెలియరాలేదు."