మూడున్నర అడుగుల గూడు

ఊసరవెల్లిని ఇంటికి తెచ్చిన రోజే వదిన అంది, "ఈ ఇంట్లో రంగులు మార్చేవాళ్ళు చాలరా? ఇదొకటి తక్కువైంది."

దాన్ని తెచ్చింది ఇంటాయన చెల్లెలు. ఆమె పశువుల ఆసుపత్రిలో కంపౌండరు. ఎవరో వైద్యానికి తెచ్చి, మళ్ళీ మొహం చూపించకుండా పోతే మిగిలిన జీవం అది. భర్తను వదిలి వచ్చినప్పటి నుంచి, అంటే నాలుగేళ్ళుగా, ఆమె అన్నయ్య ఇంటి మేడ మీది గదిలో ఉంటోంది. ఆ గదిలో మేకు ఎక్కడ కొట్టాలో కూడా అన్నయ్యే చెప్పేవాడు.

అన్నయ్యది అద్దాల పని. కిటికీలకు, షోకేసులకు అద్దాలు కోసి బిగిస్తాడు. ఎవరూ అడక్కుండానే రెండు సాయంత్రాలు కూర్చుని ఊసరవెల్లికి గాజుపెట్టె చేశాడు. వేలు పెట్టి రాసినా గుచ్చుకోనంతగా అంచులు సానపట్టాడు.

"దీనికి గాజు పనికిరాదన్నయ్యా. గాలి ఆడాలి. పైగా అద్దంలో తన నీడే చూసి ఇంకోటి మీదికొచ్చిందని బెదిరిపోతుంది."

"నా పనికే వంకలు పెట్టేంతదానివయ్యావా? పెట్టు అందులో."

ఎందుకొచ్చిన గొడవని పెట్టింది. తెల్లారేసరికి అది బొగ్గులా నల్లబడి, నోరు తెరుచుకుని, గాజును తలతో పొడుస్తోంది. ఆమె దాన్ని బయటికి తీసి, ఖాళీ పెట్టెను కిందికి మోసుకొచ్చి అన్నయ్య ముందు పెట్టింది.

"నాకేం కావాలో ముందు నన్ను అడగొచ్చుగా?"

"చిన్నప్పటి నుంచి చూస్తున్నా. నీకేం కావాలో నాకు తెలీదా?"

"తెలిసే అతనికి కట్టబెట్టావా?"

అన్నయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. వదిన వంటింట్లోంచే ఆజ్యం పోసింది, "చేసేవాళ్ళకి చేసినంత. మీకు బుద్ధి రావాలి."

ఆదివారం ఆమే పనికి పూనుకుంది. వడ్రంగి ఆ గదిలోనే చేసిచ్చిన తన పాత పుస్తకాల బీరువాకి తలుపులు, వెనక చెక్క ఊడదీసి చట్రం మాత్రం మిగుల్చుకుంది. వెడల్పు మూడున్నర అడుగులు, ఎత్తు అంతకన్నా ఎక్కువ. చుట్టూ దోమల జాలీ బిగించింది. లోపల కొన్ని అడ్డంగా, కొన్ని ఏటవాలుగా కొమ్మలు కట్టి, కుండీలో మనీప్లాంట్ తీగ పెట్టింది. వెచ్చదనానికి బల్బు అమర్చింది, ఒళ్ళు కాలకుండా జాలీకి పైన. గిన్నెలో నీళ్ళు పెడితే ఊసరవెల్లి తాగదు, కదిలే చుక్కనే తాగుతుంది. అందుకని ఒక సీసా అడుగున సూదితో బెజ్జం పొడిచి, ఆకుల మీద బొట్టుబొట్టుగా పడేలా పైన నిలబెట్టింది.

అన్నయ్య మెట్ల మీద నిలబడి, "రంపం పట్టడం రాదు గానీ రోషానికి తక్కువ లేదు," అన్నాడు.

ఆమె తలెత్తలేదు. సాయంత్రానికి ఊసరవెల్లి పచ్చబడింది. ఆకు కొసన వేలాడుతున్న చుక్కను నాకింది.

నాలుగు రోజుల తర్వాత ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మేడ మీద కరెంటు లేదు. చలికాలం. ఊసరవెల్లి పాలిపోయి కింది కొమ్మను కరుచుకుని ఉంది. కిందికి దిగి అడిగింది, "ఫ్యూజు ఎవరు తీశారు?"

"నేనే," అన్నాడు అన్నయ్య. "పగలంతా బల్బు వెలగడానికి ఇదేమన్నా సత్రమా?"

ఆమె మళ్ళీ పైకెళ్ళింది. ఆ జీవాన్ని శాలువాలో చుట్టుకుని నేరుగా తమ ఆసుపత్రి డాక్టరమ్మ ఇంటికెళ్ళింది. ఆసుపత్రి మందుల గది పైన ఒక గది ఖాళీగా ఉంది. డాక్టరమ్మ దాని తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

మర్నాడు వ్యాను తెచ్చుకుంది. బట్టలు, పుస్తకాలు దిగిపోయాయి. గూడు మాత్రం మెట్ల మలుపులో ఇరుక్కుంది. నిలువుగా తిప్పినా, పక్కకు వంచినా లాభం లేకపోయింది. వ్యాను డ్రైవరు, "విడగొట్టేద్దామమ్మా," అన్నాడు.

అన్నయ్య ఉలి, సుత్తి పట్టుకుని పైకొచ్చాడు. గూటి మీద పడతాడేమోనని ఆమె అడ్డం నిలబడింది. అతను ఆమెను దాటుకుని మలుపులోని పెద్ద కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అంచున ఎండిన పుట్టీని ఉలితో కొట్టి రాల్చి, నిలువెత్తు అద్దాన్ని రెండు చేతులతో ఊడదీశాడు.

"అన్నయ్యా, నేనన్న మాట..."

"అద్దం పట్టుకుని ఉన్నా. మాట్లాడించకు."

కిటికీలోంచి గూటిని తాళ్ళతో కిందికి దించారు. అతను ఒక్క తాడూ ముట్టుకోలేదు. ఆమె వ్యానెక్కి తలెత్తి చూసేసరికి అద్దం అప్పుడే చట్రంలోకి వెళ్ళిపోయింది. దాని వెనక అతను తలొంచుకుని, బొటనవేలితో కొత్త పుట్టీ ఒత్తుతున్నాడు.