పదమూడో క్యాసెట్

పారిస్‌లో గొయ్యి తవ్వడానికి మనుషులు దొరుకుతారు, ఫోన్ చేస్తే చాలు. అల్జీరియా కొండల మీది ఇగిల్ వజ్రూలో అలా కాదు. ఇంటికొక మగాడు గునపం పట్టుకు వస్తేనే గొయ్యి. ఊరు వెలేసినవాళ్ళకి ఎవడూ రాడు. పుస్తకం రాసిన రెండేళ్ళలో తస్సదిత్ ఈ సంగతి ఒక్కసారి కూడా తలచుకోలేదు. అంత చదువూ ఉండి ఏం లాభం?

పారిస్‌లో పోయిన ఆమె తండ్రి అరెజ్కి శవం తెల్లవారుజామున అల్జీర్స్‌లో విమానం దిగింది. పొద్దెక్కేసరికి వ్యానులో కొండెక్కి శ్మశానం గేటు ముందు ఆగింది. మధ్యాహ్నపు నమాజు కాగానే పూడ్చాలి. లోపల గొయ్యి మాత్రం లేదు. గోడ మీద పదిహేనుమంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. గునపాలు గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. ముట్టుకోబోమని చూపించడానికే మోసుకొచ్చారు, అంత పట్టుదల.

తస్సదిత్ సలాం చెప్పింది. ఒక్కడూ బదులివ్వలేదు.

"నువ్వు మాట్లాడకే," అంది మేనత్త మల్హా. వ్యాను పక్కన నేల మీద కూర్చున్న ఎనభై అయిదేళ్ళ ముసల్ది. పొద్దుటి నుంచి ఊళ్ళో తస్సదిత్‌తో మాట్లాడిన ప్రాణి అదొక్కటే. "అక్లి వస్తాడు. కాళ్ళు పట్టుకో. మీ నాన్న కోసం పట్టుకో."

అక్లి వచ్చాడు. ఊరి పెద్ద. కొండ కింది నుంచి ఇంటింటికీ నీళ్ళు తెప్పించిన మనిషి. ఆయన మాటంటే ఊరికి శాసనం. చంకలో తస్సదిత్ పుస్తకం ఉంది. ఊరి మొత్తానికీ వచ్చింది ఆ ఒక్క ప్రతే. చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది.

"దొరసానీ, ప్రయాణం బాగా జరిగిందా?"

"నేను దొరసానిని కాను పెదనాన్నా."

"మరి ఎవరివి? మా భాషలో ఒక్క ముక్క రాయవు. మా ఇల్లు కాలి మేమేడుస్తుంటే నువ్వు పారిస్‌లో కూర్చుని చుట్టకి నిప్పడిగావు. అక్కడ చప్పట్లు బాగా కొట్టారా?"

చప్పట్లు సరే. ఆ చప్పట్లు కొట్టిన సభలోనే ఒక ముసలి ఫ్రెంచి మాజీ సైనికుడు లేచి, తిండి పెట్టిన దేశం మీద ఉమ్ముతున్నావన్నాడు. ఇక్కడ చూస్తే ఇదీ వరస. రెంటికీ చెడ్డ రేవడి అంటే తనేనని తస్సదిత్‌కి ఒళ్ళు మండింది.

అక్లి మడత పెట్టిన పేజీ తీశాడు. "స్వాతంత్ర్య యుద్ధంలో, యాభై ఎనిమిదిలో, ఫ్రెంచి సైన్యం ఊరందరినీ ఆలివ్ మిల్లు ముందు నిలబెట్టింది. కళ్ళకు రెండు చిల్లులున్న గోనెసంచి తలకి తొడిగి ఒకణ్ణి తెచ్చారు. వాడు ఎవరి ముందు తలూపితే వాళ్ళని తీసుకెళ్ళి కాల్చేశారు. ఏడుగురు. సంచిలో ఉన్నది సయీద్. ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే రాశాను."

"సయీద్ మా నాన్న. అనుమానం మీదే మన పోరాటవాళ్ళు ఆయన గొంతు కోశారు. అదుగో, గోడ అవతల ముళ్ళపొదలో పూడ్చారు. అరవై ఏళ్ళుగా నేను నోరు మూసుకుని ఈ ఊరికి చాకిరీ చేశాను. అనుమానం చచ్చిపోతుందనుకున్నాను. నువ్వు దాన్ని అచ్చేయించావు." ఆయన గొంతు పెరగలేదు. "ఇక్కడ, అందరి ముందు, ఆ పుస్తకం అబద్ధమని చెప్పు. వీళ్ళు గునపాలు పడతారు. లేదంటే ఆ శవపెట్టె ఎక్కించుకుని వచ్చిన దారినే దిగు."

"చెప్పెయ్యి," అంది మల్హా. "మాటే కదా."

నిజంగా మాటే. పుస్తకమంతా తండ్రి నోటి మాటే. ఆయనకి చదువు రాదు. వంటింట్లో కూర్చుని తన భాషలో చెప్తే ఆమె క్యాసెట్లు నింపి ఫ్రెంచిలోకి తిప్పింది. మొత్తం పదమూడు క్యాసెట్లు. పుస్తకంలోకి ఎక్కినవి పన్నెండే. చివరిది చెప్పి ఆయన, "ఇదీ రాయి. నన్ను ఆ ఏడుగురి కాళ్ళ దగ్గర పెట్టించు," అన్నాడు. ఆమె రాయలేదు. నాన్న కదా అనుకుంది. సయీద్ కూడా ఒకడికి నాన్నేనని తట్టనే లేదు.

"పుస్తకంలో అబద్ధం ఉంది," అంది తస్సదిత్.

గోడ మీద వాళ్ళు కదిలారు.

"తలూపించింది రెండు రోజులని మీకూ తెలుసు. రెండు రోజులూ సంచిలో ఒకడేనని రాశాను. మొదటిరోజు సంచిలో సయీదే. నలుగురి ముందు తలూపాడు. రెండోరోజు ముగ్గురు పోయారు. ఆ రోజు సంచిలో ఉన్నది వేరే మనిషి. పదిహేడేళ్ళవాడు. గోళ్ళు పీకితే ఒప్పుకున్నాడు." పెట్టె మీద చెయ్యి వేసింది. "మా నాన్నే. తనే చెప్పాడు. నేను దాచాను."

మల్హా వ్యాను చక్రం పట్టుకుని లేచింది.

"ఇదిర్‌ని తీసుకెళ్ళింది రెండోరోజే కదే?"

ఇదిర్ ఆమె మొగుడు. పెళ్ళయి పదకొండు రోజులకే పోయాడు. ఆ తర్వాత ఆమె మరొకడిని చేసుకోలేదు. అరెజ్కి పారిస్ నుంచి నెలనెలా పంపిన డబ్బుతోనే బతికింది.

"అవును, అత్తా."

మల్హా తమ్ముడి పెట్టె వంక చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు. ఇంటి దారి పట్టింది. తస్సదిత్ వెనకాల రెండడుగులు వేస్తే, తిరగకుండానే చెయ్యెత్తి ఆపింది.

అక్లి పుస్తకాన్ని గోడ మీద పెట్టాడు. వరసలో మొదటి గునపం తీసుకుని గేటు లోపలికి వెళ్ళలేదు. గోడ చుట్టూ తిరిగి ముళ్ళపొదలోకి నడిచాడు. తండ్రి సమాధి రాయి పక్కన కంప తొక్కి, మొదటి పోటు తనే వేశాడు.

"ఇక్కడ," అన్నాడు.

"ఆ ఏడుగురి కాళ్ళ దగ్గర పెట్టమన్నాడు పెదనాన్నా."

"మా నాన్నకీ ఆ కోరికే ఉండి ఉంటుంది. ఏడుగురి పాపమూ ఒక్కడే మోశాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు పక్కన మీ నాన్న పడుకుని తన ముగ్గురినీ మోస్తాడు." ఇంకో పోటు వేశాడు. "ఇది కూడా అచ్చేయించు. ఆ తర్వాత ఈ కొండ ఎక్కకు."

గోడ మీంచి ఒక్కొక్కరే దిగి గునపాలు తీసుకున్నారు. ఆమె పక్క నుంచే వెళ్ళారు. ఎవరూ సలాం చెప్పలేదు.