గర్భాశయానికి పెట్టిన పేరు

నేను గిన్నెలు తోముతున్నాను. హాల్లో మా ఆయన వాళ్ళమ్మకి నా జబ్బు పేరు విడమరిచి చెబుతున్నాడు.

"ఇన్‌కాంపిటెంట్ సెర్విక్స్ అంటారమ్మా. అంటే గర్భాశయం మూతి చేతకానిదన్నమాట. బిడ్డని ఆపుకోలేదు."

"అనుకుంటూనే ఉన్నా," అంది అత్తయ్య. "నీలో లోపం లేదు, బిడ్డలో లోపం లేదు. ఇంకెక్కడుంటుంది మరి?"

ఐదో నెలలో పోయిన నా కూతురి గురించి ఆ ఇంట్లో జరిగిన చర్చ అంతే.

ఆ రోజు నుంచి ఆ మాట మా ఇంట్లోనే కాపురం పెట్టింది. పాలు పొంగిపోతే, "ఈ పిల్ల దగ్గర ఏదీ నిలవదు," అనేది అత్తయ్య. స్నేహితులొస్తే మా ఆయన, "మా ఆవిడ అన్నిట్లో కాంపిటెంటే, ఒక్కదాంట్లో తప్ప," అని కన్ను కొట్టేవాడు. వాళ్ళు అర్థం కాకుండానే నవ్వేవారు. నేను కాఫీ కప్పులు అందించేదాన్ని.

నేను లెక్కల టీచర్ని. పొద్దున్నే వంట చేసి, డబ్బాలు సర్ది, సాయంత్రం దాకా బోర్డు ముందు నిలబడి, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడతాను. నిలబడ్డంతసేపూ ఒకటే ఆలోచన. కిడ్నీ పాడైతే పాపం జబ్బు చేసిందంటారు. గుండె ఆగితే కన్నీళ్ళు పెట్టుకుంటారు. గర్భాశయానికి మాత్రం చేతకానిదని బిరుదు. మాటిమాటికీ గర్భం పోతే, అది ఆవిడకి అలవాటని ఒకప్పుడు డాక్టర్లే చీటీల మీద రాసేవారట, తాళంచెవులు పోగొట్టుకున్నట్టు! ఎవరు పెట్టారీ పేర్లు? వాళ్ళకి నెప్పంటే ఏమిటో తెలుసా?

ఒక సాయంత్రం బడి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ ముందు ఒంటరిగా కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ కుర్చీ ముందుకు లాక్కుని మా ఆయనే మాట్లాడేవాడు. నా నెలసరి తేదీలు కూడా ఆయనే చెప్పేవాడు, అదీ తప్పుగా.

"నా గర్భాశయం నిజంగా చేతకానిదా, డాక్టర్?" అని అడిగాను.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "పాత పేరమ్మా అది. మాకే సిగ్గేసి మానేస్తున్నాం. గర్భాశయం మూతి కొంచెం బలహీనంగా ఉంది, నెలలు నిండకుండానే తెరుచుకుంది. అంతే. మీరు చేసిన తప్పేం లేదు. ఈసారి ముందే కుట్టు వేస్తే నిలిచే అవకాశం బాగానే ఉంది."

"పోయినసారి వెయ్యలేకపోయారా?"

"ఆలస్యమైపోయింది కదా. మీవారు ఫోన్ చేస్తే నేనే మాట్లాడాను. ఉన్నపళంగా తీసుకురమ్మన్నాను. మీరు మర్నాడు వచ్చారు. ముందే వచ్చుంటే... దక్కేదని మాటివ్వలేను. ప్రయత్నమైతే చేసేవాళ్ళం."

ఆ రోజు మా ఆయన ప్రమోషన్ విందు. నడుము లాగేస్తోందని, కింద ఏదో బరువుగా ఉందని ఏడిస్తే, బాల్కనీలోకి వెళ్ళి ఫోన్ చేసి వచ్చాడు. "మామూలేనట. కాస్త నడుం వాల్చమన్నారు," అన్నాడు. వాల్చనిచ్చిందెవరు? వాళ్ళ ఆఫీసంతటికీ నేనే వడ్డించాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన టీవీ చూస్తున్నాడు. వెళ్ళి ఆపేశాను.

"డాక్టర్ వెంటనే రమ్మన్నారట కదా, విందు రోజు?"

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. అత్తయ్యే అందుకుంది. "ఇంటినిండా జనం. వాళ్ళ పెద్ద ఆఫీసరు భార్యతో సహా వచ్చాడు. వాళ్ళనొదిలేసి ఎలా వస్తాడమ్మా? ఒక్క పూటకే ఏమవుతుందిలే అని నేనే అన్నాను."

అంటే ఇద్దరికీ తెలుసు. తెలిసే నా చేతికి గరిటె ఇచ్చారు. తెలిసే, ఇన్నాళ్ళూ నన్ను చేతకానిదాన్ని చేశారు.

"అయిందేదో అయిపోయింది," అన్నాడాయన, నేలకేసి చూస్తూ. "ఏదో కుట్టు ఉంటుందటగా. ఈసారి జాగ్రత్తగా ఉందాం."

"ఉందిట. వేయించుకుంటే నేను తల్లిని కావచ్చని డాక్టర్ చెప్పింది," అన్నాను.

అత్తయ్య మొహం విప్పారింది.

"మీ అబ్బాయి బిడ్డకి మాత్రం కాను."