తూచిన సంగటి

రాజీ భోజనానికి పోతూ జేబులో తక్కెడ పెట్టుకుపోయినవాడు ఈ జిల్లా మొత్తంలో సుధీర్‌రెడ్డి ఒక్కడే అయ్యుంటాడు. బుద్ధి ఉన్నవాడు చేసే పని కాదు. కానీ నాలుగు నెలలుగా ఆ మనిషికి తక్కెడ తప్ప వేరే ధ్యాస లేదు.

ఆయన కూతురు హాసినికి తొమ్మిదేళ్లు. కాలేయం చెడిపోయింది. తండ్రి కాలేయంలో ముక్క కోసి బిడ్డకు పెట్టొచ్చు గానీ, ఆయన కాలేయానికే కొవ్వు పట్టి ఉంది. "తొంభై ఆరు కిలోలున్నావు. ఎనభై రెండుకు దిగితేనే కోస్తాం" అన్నాడు డాక్టరు. తిండి సంగతి చూసే స్వర్ణలత మేడం రోజుకు పద్నాలుగు వందల కేలరీలని గిరి గీసింది. సుధీర్ ప్రొద్దుటూరు పోయి, బంగారం పనివాళ్లు వాడే అరచేయంత తక్కెడ కొనుక్కొచ్చాడు. ఒకప్పుడు పెళ్లి బంతిలో మూడు ముద్దలు తిని నాలుగోది అడిగిన మనిషి, గుడ్డు కూడా తూచి తినసాగాడు. చిన్న నోటుబుక్కులో లెక్క రాసేది హాసిని. "నాన్నా, కూరలో నూనె సంగతి చెప్పేది మర్సిపోతాండావు" అని పచ్చబడిన కళ్లతో గదమాయించేది. ఆకలికి రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా ఆయన ఆ గదమాయింపు కోసమే బతికాడు. రాజీ భోజనానికి ముందురోజు, శనివారానికి ఎనభై మూడు కిలోల నాలుగు వందల గ్రాములకు దిగాడు.

ఇదంతా జమ్మలమడుగులో ఆయన ఇల్లు దాటి బయటికి రాలేదు. తల్లి రాజమ్మ రానివ్వలేదు. "మన ఇంట్లో జబ్బుందని పగోళ్లకు తెలిస్తే ఎక్కి తొక్కుతారు. నోరు మెదపొద్దు" అంది. ఆయన మెదపలేదు.

పగవాళ్లంటే పులివెందుల అవినాష్‌రెడ్డి మనుషులు. వేంపల్లె దారిలో ఇద్దరి చీనీ తోటలూ, అంటే బత్తాయి తోటలూ, పక్కపక్కనే. రెండేళ్ల కిందట గట్టు తగాదాలో సుధీర్ గడ్డపారతో అవినాష్ భుజం విరగ్గొట్టాడు. అప్పటినుంచి ఇద్దరూ ఒకరి చావు ఇంకొకరు కోరుకుంటూనే ఉన్నారు. చివరికి అవినాష్ చిన్నాయన నారాయణరెడ్డి నడుం కట్టి రాజీ కుదిర్చాడు. ఆదివారం మధ్యాహ్నం అవినాష్ తోటలో భోజనం.

రాజీ భోజనమంటే ఒకడు తన చేత్తో పెట్టిన సంగటి ముద్ద రెండోవాడు మిగల్చకుండా తినాలి. మిగిలిస్తే పగ మిగిలినట్టే. పైగా ఇరవై ఏళ్ల కిందట ఇట్లాంటి బంతిలోనే అవినాష్ తాత విషపు మందు కలిపాడని సుధీర్ తండ్రి పుకారు లేపాడు. అది రుజువు కాలేదు. ఆ మాట ఎత్తితే మాత్రం ఆ ఇంట్లో ఇప్పటికీ కత్తులు లేస్తాయి.

అవినాష్ స్వయంగా వంగి విస్తరిలో ముద్ద పెట్టాడు. రెండు పిడికిళ్ల ముద్ద. పక్కనే నెయ్యి, పొట్టేలు పులుసు. సుధీర్ నోరూరింది. మధ్యాహ్నానికి నాలుగు వందల యాభై కేలరీలే ఉన్నాయి, సోమవారం స్కానింగు ఉంది. ఆలోచన పూర్తి కాకముందే చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. ముద్దలో సగం తుంచి తక్కెడ మీద పెట్టాడు.

బంతిలో అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఏంది మామా అది?" అన్నాడు అవినాష్.

"ఏంలేదప్పా. కొలత ప్రకారం తినాల నేను."

"మందు కలిపినామని మీ నాయన నోటితో అన్యాడు. నువ్వు మందు కనిపెట్టే మిషనే తెచ్చినావే!"

"మందు గాదురా. బరువు తగ్గుతాండా. డైటింగు."

ఎవడో కిసుక్కున నవ్వాడు. అవినాష్ ముఖం నల్లబడింది. "తినెయ్ సుధీరూ, ఒక్క పూటే గదా" అని నారాయణరెడ్డి బతిమాలాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే సరిపోయేది. నోరు మెదపొద్దన్న తల్లి మాట గుర్తొచ్చింది. "ఇంతే తింటా. మిగతాది నాకొద్దు" అంటూ సుధీర్ విస్తరి పక్కకు జరిపాడు.

అవినాష్ ఆ విస్తరిని కాలితో తన్నాడు. వేడి సంగటి, పులుసు సుధీర్ ముఖం మీద పడ్డాయి. కళ్లు తుడుచుకునేలోగా, మాంసం కొడుతున్న చిన్నసుబ్బయ్య చేతిలోంచి అవినాష్ కత్తి లాక్కున్నాడు. పొద్దున పొట్టేలును కోసిన కత్తి అది.

మొదటి వేటుకు సుధీర్ ఎడమచేయి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. సంగటి కెలికిన కట్టె కుడిచేతికి అందేంత దూరంలో ఉంది. పాత సుధీరైతే ఆ కట్టెతో వాడి తల పగలగొట్టేవాడు. చెయ్యి కట్టె దాకా పోయింది కూడా. తాను కొడితే పదిమంది మీద పడతారు, ఎవడి కత్తి ఎక్కడ దిగుతుందో తెలియదు. ఆయన చెయ్యి వెనక్కు తీసుకుని, మోకాళ్లు గుండెలకు ముడుచుకుని, పొట్టను కరుచుకుని పడుకున్నాడు.

వీపు మీద వేటు పడింది. కుడిచేతి వేళ్లు రెండు తెగి మట్టిలో పడ్డాయి. చెవి మీద తన్నితే లోపల హోరు మొదలైంది. ఆయన మాత్రం విప్పుకోలేదు.

"లెయ్‌రా! గడ్డపార పట్టినోడివి గదా, కొట్టరా నన్ను!" అని అవినాష్ అరిచాడు. తిరిగి కొట్టని మనిషిని చూస్తే వాడికి ఇంకా పిచ్చెక్కింది. మోకాలితో తొక్కిపట్టి, పొట్ట మీది చేతులు పీకబోయాడు. సుధీర్ వాడి మణికట్టును పళ్లతో పట్టుకుని రక్తం వచ్చేలా కొరికాడు.

"ఆడ వద్దురా! యాడన్నా నరుక్కో, తల నరుక్కో. ఆడ మాత్రం వద్దు. అది నాది గాదు, నా బిడ్డది!"

ఎవరికీ అర్థం కాలేదు. జేబులోంచి పడిన నోటుబుక్కును నారాయణరెడ్డి తీశాడు. పులుసు అంటిన పేజీ మీద చిన్నపిల్ల రాత. ఆయన గట్టిగా చదివాడు. "శనివారం. ఇంక ఒక కిలో నాలుగు వందల గ్రాములు తగ్గితే నాన్న కాలేయంలో ముక్క నాకు పెడతారు."

అవినాష్ చేతిలోని కత్తి జారిపోయింది. వాడు నెత్తుటి చేతులతో అక్కడే కూలబడ్డాడు. చిన్నసుబ్బయ్య తలగుడ్డ విప్పి సుధీర్ చేతికి కట్టాడు.

ఆరో రోజున ఆసుపత్రిలో డాక్టరు స్కానింగు చూసి, కాలేయానికి గీత కూడా పడలేదన్నాడు. గాయాలు మానడానికి నెలరోజుల వాయిదా, అంతవరకు పాప ఆగగలదు అన్నాడు. సుధీర్ ముఖం తిప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. స్వర్ణలత మేడం ఆయన్ను పట్టుకుని తూకం మీద నిలబెట్టింది. కట్ల బరువు తీసేస్తే ఎనభై ఒకటిన్నర.

హాసిని మంచం అంచున కూర్చుని కొత్త నోటుబుక్కు తెరిచింది. "ఆదివారం మధ్యాన్నం ఏం తిన్యావో చెప్పనేలేదు. ఒకేసారి ఇంత ఎట్ల తగ్గినావు నాన్నా?"

సుధీర్ కట్టు కట్టిన కుడిచేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు. "ఆ పూట సంగటి తినలేదు తల్లీ."

హాసిని సంగటి అని రాసి, దాని ఎదురుగా సున్నా చుట్టింది.