నాలుగు అడుగులు

ఆయమ్మ నాలుగో పిల్ల మూతి తుడిచి ఐదో పిల్లని ఒళ్ళోకి లాక్కుంటుండగా, చాప అంచున బల్ల పట్టుకుని నిలబడ్డ చిన్నారి బంతి ఉన్నట్టుండి చేతులు వదిలేసింది. ఆయమ్మ చేతిలో తడిగుడ్డ అలాగే ఆగిపోయింది. పద్నాలుగు నెలల పిల్ల. పొట్ట ముందుకు పెట్టుకుని, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, తూలుతూ తూలుతూ నాలుగు అడుగులు వేసి, ఆయమ్మ మోకాళ్ళ మీద బోర్లా పడింది.

"అమ్మ దొంగా!" అంది ఆయమ్మ. కళ్ళు చెమ్మగిల్లాయి.

బంతి అసలు పేరు రిజిస్టరులో ఉంది. గుండ్రటి మొహం చూసి ఈ పేరు పెట్టింది ఆయమ్మే. ఆమె పేరూ రిజిస్టరుకే పరిమితం. పంతొమ్మిదేళ్ళుగా ఈ డేకేర్‌లో అందరికీ ఆయమ్మే. యాభై నాలుగేళ్ళ మనిషి. పిల్లల్ని చంకనేసుకుని తిరిగి తిరిగి నడుము ఎడమపక్కకి ఒరిగిపోయింది. భుజం మీద గుడ్డ ఎంత ఉతికినా పాలవాసన వదలదు.

"నేనేం చూళ్ళేదు," అంది పాలు కలుపుతున్న రెండో ఆయా, నవ్వుతూ.

ఆ కట్టుబాటు ఆయమ్మ పెట్టిందే. పిల్లలు ఇక్కడ మొదటిసారి నడిచినా, మాట్లాడినా తల్లులకి చెప్పకూడదు. రెండు రోజులాగితే ఇంట్లోనూ నడుస్తారు. అదే మొదటిదనుకుని ఆ తల్లి పొంగిపోతుంది. తన కూతురు ఈ వయసులో ఉన్నప్పుడు ఆయమ్మ ఎవరింట్లోనో కవలల్ని సాకేది. ఒక సాయంత్రం ఇంటికొస్తే, "నడిచి వారమైంది, నీకిప్పుడా తెలియడం!" అంది అత్తగారు గుమ్మంలోనే. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లే.

సాయంత్రం నాలుగింటికి డాక్టరమ్మ వచ్చింది. పిల్లల మనస్తత్వం చదువుకున్న మనిషి. నెలకొకసారి వచ్చి ఒక్కో పిల్లని గమనించి వెళ్తుంది. ఇవాళ బంతి వంతు. అందుకే తల్లిని పెందరాళే రమ్మన్నారు. గదిలో తల్లీపిల్లలు ఆడుకుంటారు. కొత్త మనిషి ఒకామె వచ్చి కూర్చుంటుంది. తల్లి లేచి బయటికి వెళ్ళిపోతుంది. మూడు నిమిషాలకి తిరిగొస్తుంది. అంతే పరీక్ష. తెలిసిన మొహం కంటబడకూడదని ఆయమ్మని, లోపలివాళ్ళకి ఇటువైపు కనపడని అద్దానికి ఇవతల, తన పక్కనే కూర్చోబెట్టుకుంది డాక్టరమ్మ.

తల్లి వెళ్ళగానే బంతి పెదవి వంచింది. ఆపైన ఏడుపు. కొత్తామె గిలక్కాయ ఊపింది, చప్పట్లు కొట్టింది. పిల్ల తలుపు వైపే చూస్తూ గుక్కపట్టింది. 'నాకోసమే,' అనుకుంది ఆయమ్మ. ఆమెకి తెలియకుండానే కాళ్ళు లేచాయి.

"కూర్చోండి ఆయమ్మా."

తల్లి తిరిగొచ్చింది. బంతి రెండు చేతులూ చాపింది. ఆమె మెడలో మొహం దాచుకుని రెండు వెక్కిళ్ళు వెక్కి ఊరుకుంది. మరు నిమిషం ఒళ్ళోంచి జారి బొమ్మల దగ్గరికి పాకింది.

ఆయమ్మ అద్దం మీంచి చూపు తిప్పేసుకుంది. రోజుకి తొమ్మిది గంటలు మోసేది తను. జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగింది తను. ఈవిడ ఇలా వచ్చి అలా చేతులు చాపితే చాలా?

"చక్కటి బంధం," అంది డాక్టరమ్మ రాసుకుంటూ.

"నేను వెళ్ళినా ఊరుకునేది."

"ఊరుకునేదే. ఈ వయసులో ఇద్దరు ముగ్గుర్ని తనవాళ్ళనుకుంటుంది. మీరూ అందులో ఉన్నారు. మెదడు ఇప్పుడే అల్లుకుంటోంది కదా, ఏడిస్తే ఎవరో ఒకరొస్తారన్న ధీమా అందులో నాటుకుపోతుంది."

"పెద్దయ్యాక నేను గుర్తుంటానా?"

డాక్టరమ్మ కలం ఆగింది. "మూడేళ్ళ లోపువి దాదాపు ఎవరికీ గుర్తుండవు ఆయమ్మా."

"మరి వాళ్ళమ్మ?"

"వాళ్ళమ్మ రోజూ ఉంటుందిగా."

గేటు దగ్గర బంతి సంచీ అందిస్తూ ఆయమ్మ ఆగింది. వద్దు వద్దనుకుంటూనే అనేసింది. "పొద్దున నడిచిందమ్మా. నాలుగడుగులు. నా దగ్గరికి."

తల్లి మొహం వాడిపోయింది. సరిగ్గా ఆ మొహంతోనే తను ఒకప్పుడు ఆ గుమ్మంలో నిలబడింది. ఆయమ్మ వెంటనే మాట మార్చింది. "నడవడమంటే నడవడం కాదులెండి. పడబోతే పట్టుకున్నాను."

"అబద్ధాలెందుకు ఆయమ్మా." తల్లి పిల్లని ఇంకో భుజానికి మార్చుకుంది. "నిన్న 'అమ్మ' అందని ఎగిరి గంతేశాను. తీరా చూస్తే తలుపు వైపు చూస్తూ 'ఆయమ్మ' అంటోంది. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు." పిల్ల జుట్టు సవరించింది. "ఉద్యోగం మానేశాను. రేపట్నుంచి పంపను. మీకెలా చెప్పాలా అని పొద్దుట్నుంచీ..."

ఆయమ్మ తల ఊపింది.

"ఎలా నడిచిందో చెప్పండి."

ఆయమ్మ చేతిలో సంచీ కింద పెట్టింది. వంగిపోయిన నడుముతోనే పొట్ట ముందుకు తోసి, చేతులు గాల్లో వదిలి, కాళ్ళు ఎడంగా వేస్తూ సిమెంటు దారి మీద నాలుగడుగులు తూలింది. తల్లి నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆయమ్మ అక్కడే నిలబడింది. బంతి తల్లి జుట్టు పీకుతూ ఆడుకుంటోంది. ఒక్కసారి ఇటు చూస్తే ఏం పోయింది దానికి, అనుకుంది.

లోపలికొచ్చి చాపలు చుట్టింది. గిన్నెలన్నీ కడిగి బోర్లించింది. కిటికీ గట్టు మీద బంతి తాగే రెండు చెవుల నీళ్ళ కప్పు మిగిలిపోయింది. సగం నీళ్ళతో, మూతి అంచున రెండు పాలపళ్ళ గాట్లతో.