మూడునాళ్ల తట్టు

తడి దుప్పటి అంచు బిగించి పట్టుకుని కువబారా ఇస్త్రీ యంత్రం రోలర్ల కిందికి వదిలాడు. రెండో కొస ఒనిషి పట్టుకుంది. ఒసాకా హోటళ్ల దుప్పట్లు ఈ లాండ్రీకే వస్తాయి. కువబారా నలభై దాటిన మనిషి, ఆవిరికి కమిలిన ముంజేతులు, ముందుకు వంగిన మెడ. ఏనాడూ సెలవు పెట్టని మనిషని యజమాని అందరి ముందూ పొగిడేవాడు. అదో ఘనత! ఇప్పుడా మాట గుర్తొస్తే చచ్చేంత సిగ్గు.

"ఏమయ్యా, దుప్పటి వంకరపోతోంది. మనసు పెళ్లిచూపులకెళ్లిందా?" అంది ఒనిషి.

అతడు నవ్వలేదు. ఇవాళ హత్సుమి వస్తోంది. ఈసారైనా నోరు విప్పి చెప్పాలి.

కిందటేడు ఆ రెండో కొస పట్టుకున్నది హత్సుమి. అప్పుడామెకు రెండో నెల. ఆ రోజుల్లోనే అతడికి కాస్త జ్వరం తగిలి, మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. చెమట పొక్కులనుకున్నాడు. ఆ మాత్రం జ్వరానికి ఇంట్లో పడుకునేవాడిని ఇక్కడ ఎవరూ మెచ్చరు. మాస్కు కట్టుకుని పనికొచ్చాడు. అది రుబెల్లా, మూడునాళ్ల తట్టు. అతడిని ఇట్టే వదిలేసింది. హత్సుమికి అంటుకుని, కడుపులో బిడ్డకి కళ్లూ చెవులూ గుండే రూపు కడుతున్న వేళ లోపలికి పాకింది. కడుపుతో ఉన్నవాళ్లకి ఆ టీకా వేయకూడదు, చుట్టూ ఉన్నవాళ్లే వేయించుకుని కాపాడాలి. అతడి బడిరోజుల్లో ఆ సూది ఆడపిల్లలకే వేశారు. వాళ్లు గదిలో ఏడుస్తుంటే మగపిల్లలు బయట బంతాట ఆడుకున్నారు. పెద్దయ్యాకా వేయించుకోవాలని అతడికి తోచలేదు.

మధ్యాహ్నం హత్సుమి పాపను గుండెకి కట్టుకుని వచ్చింది. పాపకి గుండె ఆపరేషన్ అయింది. ఒక కంట్లో ఇంకా తెల్లటి పొర ఉంది. యంత్రాలు దడదడలాడుతున్నా నిద్ర చెదరలేదు.

హత్సుమి నడుం వంచి తల దించింది. "నా వల్ల మీకందరికీ ఇబ్బందైంది, క్షమించండి. పాపని వదిలి ఇక పనికి రాలేను."

ఆమె క్షమించమనడమేమిటి! నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది కువబారాకి.

ఆమె గుమ్మం దాటాక వెనకాలే పరుగెత్తాడు.

"హత్సుమిగారూ... ఆ జబ్బు నా నుంచే మీకు..."

"తెలుసండీ. డాక్టరు అడిగినప్పుడే మీ మెడ గుర్తొచ్చింది."

"మరి ఒక్క మాటా అనలేదే?"

"అంటే పాపకి చెవులొస్తాయా?" అంది. "జ్వరమని తెలిసీ ఎందుకొచ్చారండీ?"

"నేను రాకపోతే తడి దుప్పట్ల బరువంతా మీ మీద పడుతుందని. మీరు వట్టిమనిషి కాదు కదా అని..."

హత్సుమి అతడి ముఖంలోకి చూసింది. పాప టోపీ సర్ది బస్సు వైపు నడిచింది. మళ్లీ తిరిగి చూడలేదు.

లోపల అందరూ హత్సుమి తెచ్చిన తీపి నములుతున్నారు. పని మానేసేవాళ్లు తోటివాళ్లకి తీపి పంచి వెళ్లడం రివాజు.

"నీ వంతు అక్కడుందయ్యా. నిన్ను మర్చిపోకుండా తనే పెట్టి వెళ్లింది," అంది ఒనిషి.

సాయంత్రం యంత్రాలు ఆగి అందరూ ఇళ్లకు వెళ్లాక కూడా, ఎర్ర చిక్కుళ్ల పూర్ణం పెట్టిన ఆ చిన్న తీపిముద్ద, చుట్టిన కాగితమైనా విప్పకుండా, అతడి చోట అలాగే ఉంది.