సవరం కుట్టు

నేను ఒక మూటగుడ్డను. ఒకప్పుడు నిండు చీరను. ఇప్పుడు బారెడు ముక్క మిగిలాను. నందిగట్టు చరిత్ర సంఘంలో పాత కాగితాలకు చుట్టుకుని చాలాకాలం గడిపాను. సంఘానికి వచ్చే పెద్దమనుషులు నన్ను విప్పి పక్కన పడేసి, లోపలి కాగితాలను కళ్ళజోడు సర్దుకుని మరీ చదివేవారు. నా వైపు చూసిన పాపాన పోయేవారు కాదు. అలాంటి నా కోసం ఒకనాడు ఊరంతా నోరు తెరుచుకుని నిలబడింది. ఆ ముచ్చట చెబుదామనే ఇదంతా.

పుట్టింది ఈ ఊళ్ళోనే, గుంటమగ్గం మీద. వంగపండు రంగు ఒళ్ళు, రుద్రాక్ష అంచు. మగ్గం దిగి చుండూరి పానకాలయ్య శెట్టిగారి బట్టల కొట్టుకు చేరాను. తండ్రి పోయి ఆయన అప్పుడప్పుడే గల్లాపెట్టె ముందు కూర్చున్న రోజులవి. పెద్దిళ్ళ ఆడవాళ్ళు పరుపు మీద చేరగిలబడి బేరాలాడుతుంటే, నాటకాల తాయారమ్మ మాత్రం మెట్ల కింద ఎండలో నిలబడి చూస్తోంది.

తాయారమ్మ ఊరి నాటక సమాజంలో చంద్రమతి వేషం కట్టేది. ఆమె ఏడిస్తే హాలంతా ముక్కు చీదుకునేది. ఆట అయ్యాక ఆ ముక్కులు చీదినవాళ్ళే, దాహం అడిగితే ఆమె దోసిట్లో నీళ్ళు ఎత్తి పోసేవారు. వేషానికి దండం పెట్టి మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం ఏం మర్యాదో, ఇన్నేళ్ళు మనుషుల ఒంటి మీద బతికినా నాకు అంతుపట్టలేదు.

పానకాలయ్య నన్ను చేతిలోకి తీసుకుని ఆమెను పిలిచాడు.

"పైకి రామ్మా. చీర రంగు ఎండలో ఒకటి, నీడలో ఒకటి. రెండూ చూసుకోవాల గదా."

పరుపు మీది ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని లేచిపోయారు. ఆ పూట కొట్టుకు బేరం పోయింది. తాయారమ్మ మాత్రం నన్ను కొనుక్కుని వెళ్ళింది.

ఆమెతో తిరగని ఊరు లేదు. రైళ్ళు, ఎడ్లబళ్ళు, సత్రాల అరుగులు అన్నీ చూశాను. ఒక ఊళ్ళో ఆట నడుస్తుండగా సింహాసనానికున్న మేకు తగిలి అంచు పక్కన జానెడు చిరిగాను. మళ్ళీ రంగం మీదికి వెళ్ళాలి, దారం లేదు. తాయారమ్మ తన సవరంలోంచి పొడుగాటి వెంట్రుక లాగి, సూదికి ఎక్కించి కుట్టేసుకుంది. వంగపండు రంగులో నల్ల వెంట్రుక కలిసిపోయింది. ముందు వరసలో కూర్చున్నవాడికి కూడా తెలియలేదు.

ఊరికి తిరిగొచ్చాక ఆ కుట్టు పానకాలయ్యకు చూపించి నవ్వింది. ఆయన కొట్టు పరువు పోయినట్టు బాధపడి, ఇంకో చీర ఇస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆట మీద తగిలిన దెబ్బ ఎవరైనా మార్చుకుంటారా అని అడిగి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక కూడా పానకాలయ్య ఆ మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. కొలవడానికి తీసిన తాను అలాగే ఒళ్ళో ఉండిపోయింది.

తర్వాత సినిమా హాలు వచ్చింది. నాటకాలకు రోజులు చెల్లాయి. పానకాలయ్యకు కూడా వయసు మీద పడుతూ ఒక పిచ్చి పట్టుకుంది. పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న కాగితాల్లో ఊరి పాత సంగతులు కనబడేసరికి, పొట్లాలు మానేసి చదవడం మొదలుపెట్టాడు. ఆ పిచ్చే ముదిరి చరిత్ర సంఘం అయింది. మున్సిపాలిటీ వాళ్ళు ఒక గది ఇచ్చారు. ఆయన ఇల్లిల్లూ తిరిగి అటకల మీది కాగితాలు అడిగి తెచ్చాడు.

బట్టల కొట్టు మనిషి చరిత్ర సంఘం పెడితే ఎలా ఉంటుందో అలాగే ఉండేది ఆ సంఘం. కాగితాలు ఇచ్చేవాళ్ళు వాటిని తమ ఇంటి పాతగుడ్డలోనే మూటకట్టి ఇవ్వాలి. అదొక్కటే నియమం. పేర్లు రాసుకోవడం, అంకెలు వేసుకోవడం ఆయన ఒంటికి పడవు. గుడ్డ చూస్తే ఇల్లు తెలుస్తుంది, ఇల్లు తెలిస్తే కాగితం తెలుస్తుంది అనేవాడు. ఇచ్చినవాళ్ళ చేతిలో చెయ్యివేసి, ఇవి ఊరు దాటవని మాట కూడా ఇచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం తాయారమ్మ నన్ను చింపి, అందులో నాటకాల కరపత్రాలు, ఫొటోలు, వేషాల పాఠాలు మూటకట్టుకుని వచ్చింది. జుట్టు నెరిసింది. సవరం అవసరం తీరి చాలా ఏళ్ళయింది.

"ఊళ్ళు తిరిగి తిరిగి అలిసిపోయా శెట్టిగారూ," అంది. "ఇవైనా ఒకచోట కుదురుగా ఉండనీయండి."

ఆయన మాట ఇచ్చాడు. ఆమె ఎంతోకాలం బతకలేదు. పిల్లా జెల్లా లేరు. అప్పట్నుంచి నేను బీరువాలో కింది అరలో ఉన్నాను. వారానికోసారి పానకాలయ్య నన్ను తీసి దుమ్ము దులిపేవాడు. పక్కనున్న కరణంగారి పంచె ముక్కకు అంత మర్యాద జరిగేది కాదు.

రానురాను నీటికాసులు వచ్చి ఆయన చూపు పూర్తిగా పోయింది. అయినా సంఘం ఆగలేదు. మూటను చేత్తో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది పొగాకు వాసన, బుచ్చయ్యగారి ఇల్లు, ఇది కర్పూరం, పూజారిగారి ఇల్లు అని చెప్పేవాడు. ఒక్కటీ తప్పేది కాదు. చూపు పోయిందన్న దిగులు ఆ గదిలో ఉన్నంతసేపూ ఆయనకు ఉండేది కాదు.

అంతలో పట్నంలో పాత కాగితాలు భద్రపరిచే ఒక పెద్ద భాండాగారం వాళ్ళ కన్ను మా మీద పడింది. అధికారి వస్తాడని, ఎవరిచ్చారో తేలిన కాగితాలు ఇచ్చినవాళ్ళ ఇష్టప్రకారం ఊళ్ళోనే ఉంటాయని, తేలనివి పట్నానికి వెళతాయని కబురొచ్చింది. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైన సులోచన సాయానికి వచ్చింది. నెమ్మదైన మనిషి. చెదపట్టిన కాగితాలను కుంచెతో తుడిచి, నలిగినవాటిని సాపుచేసి, బొమ్మల కొలువు పెట్టినట్టు నేల మీద వరసగా సర్దింది. ఇక పానకాలయ్య మూటగుడ్డలు తడిమి చెప్పడం, ఆమె పేర్లు రాసుకోవడమే మిగిలింది.

సరిగ్గా అక్కడ ముసలాయనలోని బట్టల వ్యాపారి నిద్ర లేచాడు. పెద్దమనిషి వస్తుంటే మాసిన గుడ్డలు చూపిస్తామా, నలుగురిలో తలెత్తుకోగలమా అని పట్టుబట్టాడు. ముందు ఉతికించి, తర్వాత పేర్లు రాసుకుందామన్నాడు. ఆ దుమ్మే కాగితాలను తినేస్తోందని సులోచన కూడా సరేనంది. ఇద్దరూ కలిసి మమ్మల్నందరినీ లాండ్రీకి వేశారు.

గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, ఒకే కొలతకు మడిచి తెచ్చి ఇచ్చారు. మా జన్మలో అంత శుభ్రంగా ఎప్పుడూ లేం. పానకాలయ్య మొదటి గుడ్డ తీసుకుని తడిమాడు. వాసన చూశాడు. పక్కన పెట్టి రెండోది తీశాడు. నా వంతు వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎరిగిన ఆ వేళ్ళు నా మీద నుంచి పరాయి వేళ్ళలా జారిపోయాయి. నాకు గొంతుంటే ఏడ్చేదాన్ని.

"అన్నీ ఒక్క ఇంటి గుడ్డల్లాగే ఉన్నాయమ్మాయ్," అన్నాడు. "నేనే చెడగొట్టుకున్నా."

సులోచన ఆయన్ని ఓదార్చలేదు. అలాంటప్పుడు ఓదార్పు మాటలు పుండు మీద కారంలా ఉంటాయని ఆమెకు తెలుసు. మర్నాడు సంత. వరండాలో తాళ్ళు కట్టి మమ్మల్నందర్నీ ఆరేసింది.

మగవాళ్ళు మా పక్కనుంచే నడిచిపోయారు. ఆడవాళ్ళు ఆగారు. ఒకామె కూరల సంచి కింద పెట్టి, ఇది మా అత్త మడిచీర అంది. ఇంకొకామె ఉయ్యాల కట్టిన గుడ్డను చెంపకు ఆనించుకుంది. ఒకే గళ్ళ పంచె కోసం తోడికోడళ్ళు ఇద్దరు పాత తగవు తవ్వుకుని, చివరికి ఇద్దరి మామా ఒక్కడేనని గుర్తొచ్చి నవ్వుకున్నారు. గుడ్డ తెలిశాక లోపలికి వెళ్ళి తమ ఇంటి కాగితాలు ఏవో వాళ్ళే చూపించారు. సులోచన రాసుకుంటూ పోయింది. పొద్దువాలేసరికి తాడు మీద నేనొక్కదాన్నే మిగిలాను. నేల మీద నాటకాల కాగితాలు మిగిలాయి. అవి తాయారమ్మవని పానకాలయ్య చెబుతూనే ఉన్నాడు.

అధికారి వచ్చినప్పుడు ఆయనతో పాటు ప్రెస్సు రంగనాయకులు కూడా వచ్చాడు. కరపత్రాలన్నీ వాళ్ళ తాత ప్రెస్సులో అచ్చయినవే, కింద పేరు కూడా ఉంది. కాబట్టి కాగితాలు తమవేనని, పట్నం తీసుకెళ్ళి తాత ఫొటో కింద పెడితే తమకు సంతోషమని అన్నాడు. చెడ్డవాడు కాదు, తాతంటే ప్రాణం. గుడ్డ సంగతి అడిగితే, వాళ్ళ నాయనమ్మకు ఇలాంటి చీరే ఉండేదన్నాడు.

తాయారమ్మ తరఫున పలకడానికి ఎవరూ లేరు. చూపులేని ముసలాయన మాట ఒక్కదాన్నే నమ్మలేనని అధికారి మర్యాదగానే చెప్పాడు. సంతనాడు తమ గుడ్డలు గుర్తుపట్టిన ఆడవాళ్ళంతా వరండాలో నిలబడి చూస్తున్నారు.

"మీ నాయనమ్మకూ ఈ రంగు చీర అమ్మింది నేనే నాయనా," అన్నాడు పానకాలయ్య. "కాకపోతే తాయారమ్మ చీరకు అంచు పక్కన సవరం వెంట్రుకతో వేసిన కుట్టుంది. నాటకాలాడని మీ నాయనమ్మకు సవరంతో పనేముంది?"

అధికారి నన్ను వెలుతురుకు పట్టి చూశాడు. రంగనాయకులు చూశాడు. సులోచన కూడా చూసింది. గంజి గట్టిపడి, ఇస్త్రీ అణిచేసి, నా కుట్టు ఎవరికీ కనబడలేదు. ఇక నన్ను చుట్టి లారీలో వేయడమే తరువాయి అనుకున్నాను. మళ్ళీ ఊళ్ళు తిరగాలి కాబోలు, ఆమె అలిసిపోయానంది కదా అని నాకు దిగులేసింది.

పానకాలయ్య ఒక బకెట్టుతో నీళ్ళు అడిగాడు. నన్ను ముంచి, చంటిపిల్లకు లాలపోసినట్టు నెమ్మదిగా గంజి వదిలించాడు. నా ఒళ్ళు నాకు తిరిగొచ్చింది. వేళ్ళు అంచు పట్టుకుని నడిచాయి. ఒకచోట ఆగాయి.

"తాయారూ," అన్నాడు.

అమ్మ అనలేదు, గారు అనలేదు. జీవితమంతా మెట్ల మీద నిలబెట్టి దాచుకున్న పిలుపు అది. వరండాలో ఒక్కరూ నవ్వలేదు.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తడిసిన గుడ్డలో వెంట్రుక మెరిసింది. రంగనాయకులు వేలితో తాకి చూశాడు. ఆమె చంద్రమతి వేస్తే తాత ప్రెస్సు మూసేసి వెళ్ళేవాడట. "కింద మా ప్రెస్సు పేరుంది గదా, అది చాల్లే," అని తనే చెప్పి సంతకం పెట్టాడు. కాగితాలు ఊళ్ళోనే ఉండిపోయాయి. మున్సిపాలిటీ వాళ్ళు గదికి సున్నం కూడా వేయించారు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయని, వరండాలో నిలబడ్డవాళ్ళందరికీ ఓట్లున్నాయని ఎవరో గుర్తుచేసి ఉంటారు.

ఇప్పుడు కాగితాలన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి. పెట్టె మీద ఇచ్చినవాళ్ళ పేరు, లోపల వాళ్ళ గుడ్డ ముక్క. నన్ను మాత్రం సులోచన గది మధ్య బల్ల మీద పరిచి, తాయారమ్మ ఫొటో పక్కన పెట్టింది. చూడ్డానికి బడిపిల్లలు వస్తారు. వాళ్ళ చేతుల జిడ్డు తగలకుండా ఆమె ఒక బోర్డు కూడా రాయించింది: "దయచేసి ముట్టుకోరాదు."

పానకాలయ్య రోజూ వస్తాడు. సులోచన ఆయనకు పేపరు చదివి వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన కాగితాలు, పెట్టెల మీది పేర్లు, గోడ మీది ప్రకటనలు అన్నీ చదివి వినిపిస్తుంది. తర్వాత ఆయన కర్ర పక్కన ఆనించి, బల్ల దగ్గర కూర్చుని, అంచు వెంబడి వేళ్ళు నడిపిస్తూ కుట్టు దగ్గరికి వస్తాడు. ఆ బోర్డు ఒక్కటి మాత్రం ఆమె ఆయనకు ఇంతవరకూ చదివి వినిపించలేదు.